ముందుకు జరపని సీటు

రిపేరు షెడ్డులో కారు తలుపు తీయగానే కోడికూర, బీరు, కరిగిన బెల్లం కలిసిన కంపు సంధ్యారాణి మొహానికి కొట్టింది. మేడారం జాతరకు పోయొస్తామంటే ఇచ్చిన కారు. సమ్మక్క బంగారమని కళ్లకద్దుకోవాల్సిన బెల్లం వెనక సీటుకు అంటుకుపోయింది, దాని నిండా చీమలు. ముందు బంపరు ఊడి వేలాడుతోంది. ఇంత చేసిన భానుచందర్ గోడకు చేరగిలబడి గుట్కా నములుతున్నాడు.

భానుచందర్ ఆమె చెల్లెలు దీప మొగుడు. కారు అడిగిన రోజు, లైసెన్సుందా అనే మాట సంధ్యారాణి నోటిదాకా వచ్చింది. ఇంటి అల్లుణ్ణి అలా అడుగుతారా అని అమ్మ కళ్లతోనే ఆపేసింది. అతనికి లైసెన్సు లేదు, ఎప్పుడూ లేదు. తిరిగొస్తూ ఆత్మకూరు దగ్గర రోడ్డు పక్కన కొబ్బరికాయలమ్ముకునే రాజవ్వను గుద్దేశాడు. ఆమె కాలు విరిగింది.

"ఇన్సూరెన్సు సర్వేయర్ ఒస్తాండు వదినా. నువ్వే నడిపినవని చెప్పు. నీకు లైసెన్సున్నది గద, అయిపాయె."

"రాజవ్వ ఎట్లున్నది?"

"ఏ రాజవ్వ?"

"నువ్వు గుద్దిన మనిషి."

"ఆ ముసల్దా. దవాఖానల ఉన్నది. రోడ్డుకు గంత దగ్గర ఎవరు కూసోమన్నరు?"

"నడిపింది పొడుగాటి మొగోడని పోలీసులకు చెప్పిందట కద."

"దెబ్బ తగిలిన మత్తుల ఏదో వాగిందందం."

అంతదాకా చూస్తున్న దీప, అక్క చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "జర ఆలోచించక్కా, నీ కోసమే చెప్తాన. బండి నీది, ఇన్సూరెన్సు నీది. నడిపినోనికి లైసెన్సు లేదంటే రిపేరుకు రూపాయి రాదు. రాజవ్వకు కంపెనీ కట్టినా, మళ్ల నీ మీదికే వసూలుకొస్తది. మునిగేది నువ్వే."

అది నిజమే. నిజమైనందుకే ఇంకా రోతగా ఉంది. కారు వాయిదాలే ఇంకా తీరలేదు. ఒక్క అబద్ధం ఆడితే తను గట్టెక్కుతుంది, రాజవ్వ మాత్రం అబద్ధాలకోరు అవుతుంది.

సర్వేయర్ వెంకట్రాజం వచ్చాడు. చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకున్నాడు. "ఎవరు నడిపిండ్రు?"

"మా వదిననే సార్," అన్నాడు భానుచందర్, గుట్కా పక్కకు ఉమ్మి.

"ఒక్కసారి కూసొని స్టార్ట్ చెయ్యమ్మా."

సంధ్యారాణి కూర్చుంది. భానుచందర్ పొడుగు కాళ్ల కోసం సీటు చివరిదాకా వెనక్కి జరిపి ఉంది. ఆమె పాదం క్లచ్ మీదికి అందలేదు.

భానుచందర్ కిటికీలోంచి వంగి గొణిగాడు. "సీటు ముందుకు జరుపుకో. జల్ది."

సీటు కింద చెయ్యి పెట్టింది. జిగట బెల్లం, దాంట్లో అతుక్కున్న కోడి ఎముక వేళ్లకు తగిలాయి. చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

"నా కాళ్లు అందుతలేవు సార్. నడిపింది మా మరిది. లైసెన్సు లేదు. నేను అడగకుండనే తాళమిచ్చిన."

"అక్కా," అంది దీప. ఆ గొంతులో ఏడుపు కంటే కోపమే ఎక్కువ.

"ఇంటి అల్లుని ఇజ్జత్ తీసినవ్ వదినా."

"ఉంటే గద, తీసుడు." సర్వేయర్ వైపు తిరిగింది. "రాజవ్వకు వచ్చేది ఆగదు కద సార్?"

"అది కోర్టుల తేలుతది. ఆమెకైతే వస్తదమ్మా. తర్వాత కంపెనీ మీ మీదికి రావచ్చు."

"రానీ."

నల్లా దగ్గర సబ్బు పెట్టి రుద్దింది. జిగట పోయింది. కంపు మాత్రం వేళ్లను వదల్లేదు. ఆ చేత్తోనే ఆటో ఆపి, దవాఖానకు పోనిమ్మంది.