పన్నెండు స్వెటర్లకు పసుపు

మారిషస్ ఎంత దేశమంటే, గోడ మీది మ్యాపులో చూపించబోతే దేశమంతా వేలి కింద దాక్కుంటుంది. అక్కణ్ణించి 1984 జనవరిలో, ముక్కు గడ్డకట్టే చలిలో, శ్యామ్‌సుందర్ అప్పడు అనే ఆయన చికాగో పక్కన అరోరాలో మా ఇంటికొచ్చాడు. ఫోన్ పుస్తకంలో తెలుగు ఇంటిపేర్లు వెతికి వెతికి మమ్మల్ని పట్టుకున్నాడట. ఆయన ముత్తాత చెరకు నరకడానికి కోరంగి రేవులో ఓడెక్కినవాడు. అప్పడు గారికి అప్పడం వెయ్యకపోతే ఏం మర్యాదని మా ఆవిడ శశికళ రెండు ఎక్కువే వేయించింది.

ఆయన పని ఎగుమతి. అంటే సరుకు ఎగరాలి, మతి ఎగరకూడదు. వాళ్ల మిల్లు స్వెటర్లు ఇన్నాళ్లూ ఫ్రాన్సుకే వెళ్లేవి. ఆ ఏడు ఫ్రెంచివాళ్లు ఆర్డరు సగానికి కోశారు. అమెరికాలో కొత్త బేరం దొరక్కపోతే రెండో షిఫ్టు మూత. ఎనభై మంది ఆడవాళ్లు ఇంటికి. అల్లేవాళ్లు అక్కడ, అల్లాడేవాడు ఇక్కడ. మర్నాడు పదింటికి చికాగోలో, ఒక పెద్ద దుకాణానికి కొనుగోళ్లు చూసే హేగన్ అనే పెద్దావిడకు పన్నెండు శాంపిళ్లు చూపించాలి.

పెట్టెలో నలిగాయి, కాస్త ఇస్త్రీ చేసి పెట్టమ్మా అని శశికళను అడిగాడు. ఆవిడ పొద్దున్నే లేచి పన్నెండూ ఇస్త్రీ చేసింది. చేతికి అలవాటైన పని ఇంకొకటి కూడా చేసింది. కొత్త బట్టలు కదా, ఒక్కోదాని అంచుకూ తడిపసుపు చుక్క పెట్టింది.

కార్లో సర్దుతుంటే నా కంటబడింది. పెట్టె దించి ఆయనకు చూపించాను. ఆయన తెల్ల స్వెటరు అంచు పట్టుకుని, "మా నాన్నమ్మ కూడా ఇలాగే పెట్టేది బాబూ," అని మురిసిపోయాడు. అంతలోనే గడియారం చూసి, మరక పోదు, వేరేవి తెప్పించే వేళా లేదని మెట్టు మీద కూలబడ్డాడు.

తప్పు తనది కాబట్టి చెప్పుకోవలసిందీ తనేనని శశికళ కోటు తొడుక్కుని కారెక్కింది. ఉన్ని ఉన్నవాళ్లం, మనకు లేనిదేముందన్నాను దారిలో. ఎవరూ నవ్వలేదు, హీటరొక్కటే గుర్రుమంది.

హేగన్ గారు అల్లిక చూసింది, కుట్లు లాగి చూసింది, చివరికి చుక్క చూసింది. అన్నింటికీ ఒకే చోట ఉంది, మీ మిల్లు గుర్తా అనడిగింది. అవునంటే సరిపోయేది.

"కాదండీ, నేను పెట్టాను," అంది శశికళ. "మా ఇళ్లలో పసుపు పెట్టందే కొత్త బట్ట వేసుకోం. అమ్మే సరుకని తోచలేదు."

"ఉతికితే పోతుందా?"

"పోదు."

హేగన్ గారు నీలం మీద తెల్లచారల స్వెటరు తీసుకుని సింకు దగ్గరికి నడిచింది. గోరువెచ్చని నీళ్లలో సబ్బు పెట్టి రుద్దింది. పసుపు కాస్తా ఎర్రబడింది. అప్పడు గారు కళ్లు మూసుకున్నాడు. ఆవిడ జాడించి, పిండి, అదే సైజు ఇంకో స్వెటరు మీద పరిచి చూసింది. తెల్లచార తెల్లగానే ఉంది. చెయ్యి పొడుగూ ఒక్క పిసరు తగ్గలేదు.

"మచ్చ పోలేదు. రంగూ పోలేదు, కొలతా పోలేదు," అందావిడ. "ఇక్కడికొచ్చే ప్రతివాడూ ఉతికితే ఏమీ కాదంటాడు. పోదని చెప్పింది ఈవిడొక్కతే."

ఆరు వందల డజన్లు రాసింది. పసుపు లేకుండా.

అప్పడు గారు అక్కడి టెలెక్స్ మిషను ముందు కూర్చుని మిల్లుకు కబురు కొట్టాడు: రెండో షిఫ్టు ఉంటుంది, అందరికీ చెప్పండి. పైకి ఒకసారి చదువుకుని, చివర ఇంకో మాట చేర్చాడు: ఇప్పుడే.