పడేసినవాళ్ళే ఎత్తాలి

తుఫాను అన్న పేరు అతనికి వాళ్ళ బావ పెట్టాడు. బావ మంగలి. ఆయన కత్తి కింద మెడ పెట్టినవాడెవడూ ఈ బావమరిది కథ వినకుండా కుర్చీలోంచి లేచింది లేదు. మావాడు బండెక్కితే నీడ వెనకబడిపోతుందనీ, అది సందు మలుపులో కూర్చుని రొప్పుతుంటే వీడే మళ్ళీ వెళ్ళి ఎక్కించుకొస్తాడనీ చెప్పేవాడు. సగం గడ్డం గీసి ఉన్నవాడు కాదనగలడా? వినగా వినగా తుఫానుకూ అది నిజమే అనిపించసాగింది.

అలాంటివాడు కూడలిలో ఈల ఊదే ఉద్యోగం మీద విసుగెత్తి, మోటారుసైకిలు పోలీసు దళంలో చేరడానికి శిక్షణకు వెళ్ళాడు. అక్కడి బండి బండి కాదు, ఏనుగు గున్న. నేర్పే మాస్టారు మొదటిరోజే చెప్పాడు.

"పడేసినవాళ్ళే ఎత్తాలి. పక్కవాళ్ళు వేలు కూడా వెయ్యకూడదు. నేర్చుకునేటప్పుడు ఎన్నిసార్లయినా పడెయ్యండి. ఆఖరి పరీక్షలో పడేస్తే మాత్రం, వచ్చిన దారినే పోయి ఈల ఊదుకోవడమే."

ఆ పరీక్షకు ఇంటివాళ్ళను కూడా రానిచ్చారు. బావ కొట్టు మూసుకుని మరీ వచ్చాడు. తుఫాను దిమ్మెల మధ్య పాములా మెలికలు తిరిగాడు. నత్తనడకన నడపాల్సిన చోట కాలు కింద పెట్టలేదు. ఇక మిగిలింది, అప్పటికే నిలిపి ఉన్న బళ్ళ వరుస పక్కన తన బండి ఆపి దిగడం. ఆపాడు. "అదిగో మావాడు" అంటూ బావ లేచి నిలబడ్డాడు. తుఫాను అటు తిరిగి, ఠీవిగా కాలు తిప్పి దిగి, సెల్యూట్ కొట్టాడు. బావకు.

స్టాండు వెయ్యలేదు.

సరిగ్గా అప్పుడే పిచ్చుక తన బండిని తెచ్చి అతని ఎడమ పక్కన నిలుపుతోంది. పిచ్చుకంటే అతని తోటి శిక్షణలో ఉన్న బక్కపలచని పిల్ల. ఆ ఏనుగు గున్నను లేపడం నేర్చుకోవడానికి అందరికంటే ఎక్కువ చెమటోడ్చింది. తుఫాను బండి కుడివైపుకి ఒరిగి పక్కదాన్ని తోసింది, అది దాని పక్కదాన్ని తోసింది, వరుసంతా పడుకుంది. ఆ చప్పుడుకు పక్క పేటలో పాలు విరిగాయంటారు.

మాస్టారు వెనక్కి తిరిగేసరికి నిలబడి ఉన్నది పిచ్చుక బండి ఒక్కటే.

"తగిలించావా?"

పిచ్చుక తన హ్యాండిలు వంక చూసుకుంది. తుఫాను వంక చూసింది. "తగిలిందేమో సార్. చూసుకోలేదు."

తుఫాను నోరు తెరిచాడు. ఆ ఒక్క మాటా అంటే మళ్ళీ కూడలి, దుమ్ము, ఈల. అనకపోతే దళంవాళ్ళు పెట్టుకునే తెల్ల హెల్మెట్. నోరు మూసుకున్నాడు.

"అయితే ఎత్తు. ఎత్తి, సామాను సర్దుకో."

అన్నిటికన్నా పైనున్నది తుఫాను బండే. పిచ్చుక దానికి వీపు ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి లేపింది. లేపి, కిందికి చూసి ఆగింది. స్టాండు మడిచే ఉంది. బూటు కొసతో దాన్ని దించి, బండిని దాని మీద నిలిపి, రెండో బండి దగ్గరికి వెళ్ళింది.

భూమి చీలితే బాగుండుననుకున్నాడు తుఫాను. అది ఎవరికోసం చీలింది గనక.

"చూశారా," అవతల బావ పక్కవాళ్ళకు చెబుతున్నాడు. "మావాడు ఎంత బాగా నిలిపాడు. ఆ పిల్ల వచ్చి గుద్దేసింది. మావాడు నిద్రలో కూడా బండి పడెయ్యడండీ."

ఇన్నాళ్ళూ వెన్నలా దిగిన మాటలు, ఇవాళ కాలరులో పడ్డ వెంట్రుకల్లా ఒళ్ళంతా గుచ్చుకున్నాయి.

మూడో బండి దగ్గర పిచ్చుక కాలు జారి, మోకాలు నేలకు కొట్టుకుంది. తుఫాను వెళ్ళి వంగి హ్యాండిలు పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్," అన్నాడు మాస్టారు. "పడేసినవాళ్ళే ఎత్తాలి."

"అందుకే సార్." తుఫాను తలెత్తలేదు. "స్టాండు వెయ్యలేదు నేను."

మాస్టారు పిచ్చుక వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"మొదటి బండి ఎత్తినప్పుడు తెలిసింది సార్."

"మరి చెప్పవేం?"

"అతనే చెప్తాడని చూశాను. మూడో బండిదాకా చూడాల్సొస్తుందనుకోలేదు."

ఆమె మోకాలి మట్టి దులుపుకుని పక్కకు తప్పుకుంది. మిగతావన్నీ అతనే ఎత్తాడు.

ఇంటికి వచ్చేటప్పుడు బావ పాత బండి అతనే నడిపాడు. బావ వెనక కూర్చున్నాడు. కొట్టు ముందు ఆపి, స్టాండు వేసి, మళ్ళీ వంగి చేత్తో తడిమి చూశాడు తుఫాను.

"వేశావులేరా," అన్నాడు బావ మెల్లగా.

కొట్టు తెరవగానే ఎవరో వచ్చి కుర్చీలో కూర్చున్నారు. బావ నురగ పట్టించి కత్తి అందుకున్నాడు.

"మీవాడి పరీక్ష ఏమైంది?"

కత్తి గాలిలో ఆగింది. "అదా? అసలు ఆ బండిలోనే ఏదో..."

"నేనే పడేశాను," అన్నాడు తుఫాను గుమ్మంలోంచి. "ఎత్తడం ఇంకొకరి చేత మొదలుపెట్టించాను."

నురగ మొహంతో ఆ మనిషి అద్దంలోంచి అతన్ని చూశాడు. ఆ అద్దంలో తనూ కనబడేసరికి తుఫాను తల తిప్పుకున్నాడు.