గీత లేని చొక్కాలు

హలో, అందరికీ వినిపిస్తోందా? ఎవరింట్లోనో కుక్కర్ కూస్తోంది, కాస్త మైకు మ్యూట్‌లో పెట్టుకోండమ్మా. కాలేజీ పిల్లలూ, షిఫ్టు దిగి బస్సెక్కిన తమ్ముళ్ళూ, నమస్తే. నాది పెద్ద చదువు కాదు, వచ్చిన మాటల్లో చెప్తాను. సింగపూర్‌లో మనవాళ్ళకేం కష్టం, అద్దంలాంటి ఊరు అనుకుంటారు కదా. వినండి.

అక్కడ యీషున్ అనే పేటలో వసుంధర అని ఒకావిడ. సొంతూరు పలాస దగ్గర. భర్త దానయ్య సెంబవాంగ్‌లో ఓడలు బాగుచేసే యార్డులో పైపుల సూపర్‌వైజర్. ఒక్కతే కూతురు కీర్తిక, ఎనిమిదో క్లాసు, మన ఇండియా సిలబస్ చెప్పే ప్రైవేటు స్కూల్లో.

ఆ సోమవారం కీర్తిక టిఫిన్ డబ్బా మర్చిపోతే వసుంధర పట్టుకెళ్ళింది. ఆఫీసు పక్క వరండాలో పదకొండుమంది పిల్లలు నేలమీద కూర్చునున్నారు. లోపల పాఠాలు జరుగుతున్నాయి, వీళ్ళు బయట. అందరివీ పాత చొక్కాలే. ఆ ఏడు స్కూలువాళ్ళు కాలర్ మీద రెండు ఎర్రగీతలు కొత్తగా పెట్టించారు. గీతల్లేని పిల్లలు క్లాసులోకి రాకూడదట. తల్లిని చూసి కీర్తిక నీళ్ళసీసా మొహానికి అడ్డం పెట్టుకుంది. దగ్గరికెళ్తే తల ఎత్తకుండానే, "అమ్మా, జస్ట్ బై లా, కొనెయ్. అందరూ చూస్తున్నారు," అంది.

కొనెయ్యమంటే ఎలా కొంటుంది? ఫీజు ఎంతో ముందే తెలుసు, ఏడాది పొడుగునా కూడబెట్టి కట్టారు. ఫీజు చుట్టూ తిరిగే ఖర్చులు ఏ కాగితంలోనూ ముందు రాయరు కదా. బస్సుకి వేరే. వాళ్ళు చెప్పిన టాబ్లెట్టే కొనాలి, దానికి వేరే. వెళ్ళకపోతే మార్కులు పోతాయనే క్యాంపు, దానికి వేరే. వీటన్నిటికీ వసుంధర ఫోన్లో లెక్క వేసుకుని, బయట తిండి మానేసి, తన పన్ను పీకించుకోవడం రెండుసార్లు వాయిదా వేసి, ఎలాగో నెట్టుకొచ్చింది. ఇప్పుడు కొత్త యూనిఫాం. ఐదు జతలు, ఆటలకి రెండు, ముప్ఫైమూడు డిగ్రీల ఎండలో తొడుక్కోడానికో కోటు. ఆరువందల పది డాలర్లు. అమ్మేది ఒక్కటే కొట్టు, ఆ కొట్టు స్కూలు ట్రస్టీ బావమరిదిది.

దానయ్య ఆ సాయంత్రం మెల్లిగా, "మీరిద్దరూ పలాస ఎల్లిపోండే. నేను నలుగురితో గది పంచుకుని ఉంటాను. ఏటి చేస్తాం," అన్నాడు. టికెట్ రేట్లు అప్పటికే చూసిపెట్టుకున్నాడు. పదిహేనేళ్ళ కాపురం, ఒక కాలర్ గీత దగ్గర రెండుగా తెగిపోబోతోంది. ఆవిడ ఏడవలేదు. అటక మీది పెట్టె దించి దుమ్ము తుడిచింది.

మర్నాడు అతియా ఆంటీకి ఫోన్ చేసింది, ఇక వెళ్ళిపోతున్నామని చెప్పడానికి. అతియా హైదరాబాదు మనిషి, బెడోక్‌లో ఇరవై ఏళ్ళుగా ఉంటోంది. కూతురు హీనా అదే స్కూల్లో పదో క్లాసు. పిల్లలకి పొట్టయిన యూనిఫాంలు ఉతికి, ఇస్త్రీ చేసి, చిన్నపిల్లలున్న ఇంటికి పంపే గ్రూపు ఆవిడే నడుపుతుంది. కీర్తిక పుట్టి బుద్ధెరిగాక కొత్త స్కూలు చొక్కా తొడుక్కున్నదే లేదు, అన్నీ హీనావే. అందుకే గీతలొచ్చాయని అతియా ఎప్పుడో పసిగట్టింది. మనం ఒకరికొకరం ఇచ్చుకుంటుంటే వాళ్ళ కొట్టు నడవట్లేదు, అంతే, అంది. వెళ్ళేముందు ఒక్క ఆదివారం ఆగమంది.

ఆ ఆదివారం సెంబవాంగ్ పార్కులో బార్బెక్యూ పొయ్యి ఒకటి బుక్ చేసి, హీనా పుట్టినరోజని అందరినీ పిలిచింది. ఈ ఊళ్ళో పర్మిట్ లేకుండా అట్టముక్క పట్టుకుని ఒక్కడు నిలబడ్డా కేసే. కేకు కోస్తే కేసు లేదు. ముప్ఫై కుటుంబాలొచ్చాయి. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసే గంగాధర్, కొడుకు నిశాంత్‌తో, చేతిలో గిఫ్టు ప్యాకెట్‌తో వచ్చాడు. పిలిచింది యూనిఫాం గొడవ మాట్లాడుకోడానికని తెలిశాక ఆ ప్యాకెట్ ఎక్కడ పెట్టాలో తెలీక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

బుధవారం అందరి పిల్లల్నీ పాత చొక్కాల్లోనే పంపుదామంది అతియా. మాటలు మొదలయ్యాయి. ఒకాయన నా వర్క్ పాస్ రెన్యూవల్ దగ్గరికొచ్చింది, నన్ను కలపకండి అన్నాడు. ఒకావిడ అప్పుచేసి కొనేశాం, ఇప్పుడు గొడవెందుకంది. గంగాధర్ లేచి, ఇంత దూరం వచ్చాక కాస్త అడ్జస్ట్ అవ్వాలండీ, పోనీ కొనలేనివాళ్ళకి తలా యాభై వేసుకుందాం అన్నాడు. మంచితనంగానే అన్నాడు. పదకొండుమంది పిల్లల తల్లిదండ్రులు నేలచూపులు చూశారు.

మీటింగుల్లో నోరు తెరవని వసుంధర అప్పుడు మాట్లాడింది. "ఈ ఏడు గీతలకి చందా వేస్తారు బాబూ. వచ్చే ఏడు గుండీలు మారుస్తారు. అప్పుడు మీకూ విసుగొస్తాది. మాకు చందా వద్దు. బుధవారం మీ నిశాంత్‌కి పాత చొక్కా వేసి పంపగలరా?"

పాతవి పారేశామండీ, అన్నాడు గంగాధర్. అతియా నవ్వింది. "పరేషాన్ కాకు భయ్యా. కొత్తవి రావడంతో తీసుకునేటోళ్ళు లేక నా ఇంట్ల గుట్టలు పడున్నయ్. నీ కొడుక్కి సైజు చూసి నేనే ఇస్త్రీ చేసి పంపిస్త."

మావాడికి ఒకరు వాడినవి ఎప్పుడూ వెయ్యలేదండీ అని గొణిగాడాయన. నిశాంత్ తండ్రి మొహం చూసి, "ఐ డోంట్ మైండ్ లా, డాడీ," అన్నాడు. అక్కడ తేలిపోయింది. అన్నేళ్ళూ పెద్దిళ్ళ నించి చిన్నిళ్ళకి దిగిన చొక్కాలు, మొదటిసారి బెడోక్ ఫ్లాట్ నించి కాండోలకి, అంటే డబ్బున్నవాళ్ళ అపార్ట్‌మెంట్లకి, ఎక్కాయి.

మాట మిగతా ఇళ్ళకీ పాకి, బుధవారం ఎనభైయారుమంది పిల్లలు గీతల్లేకుండా వెళ్ళారు. అరుపు లేదు, అట్ట లేదు. వరండా చాల్లేదు, హాలు చాల్లేదు, క్లాసుల్లో టీచర్లు ఖాళీ కుర్చీలకి ఏం చెప్పాలో తెలీక కూర్చున్నారు.

స్కూలు ఊరుకుంటుందా. తల్లిదండ్రుల్ని ఒక్కొక్కరినీ విడిగా పిలిచారు. అందరినీ ఒకే మాట అడిగారు, ఎవరు మొదలెట్టారని. వసుంధరని పిలిచినప్పుడు బల్లమీద కొత్త యూనిఫాం మొత్తం కవర్లో పెట్టి ఉంది, కోటుతో సహా. ప్రిన్సిపాల్ మెత్తగా మాట్లాడాడు. మీ పరిస్థితి మాకు తెలుసు, ఇది మీకు ఉచితం, క్యాంపు కూడా మాఫీ చేస్తాం, ఆ అతియా గారేనని ఒక్క ముక్క రాసివ్వండి, చాలన్నాడు.

ఆ కవర్లో కీర్తిక చదువుంది. దానయ్య పక్కన ఉండే ఇల్లుంది. చెయ్యి చాపితే అందుతుంది. కానీ వసుంధరకి, అతియాకి కూడా హీనా ఉందని, అదీ పదో క్లాసని గుర్తొచ్చింది.

"మొదలెట్టింది నేనే," అంది. "రాసుకోండి."

శుక్రవారం మధ్యాహ్నానికి కీర్తిక టీసీ చేతికొచ్చింది. క్రమశిక్షణ కారణం అని రాశారు. ఏడాది మధ్యలో వేరే స్కూలు తీసుకోదు. దానయ్య ఆ కాగితం రెండుసార్లు చదివి, ఇద్దరికీ టికెట్లు కొన్నాడు. ఆవిడ బీరువాలోంచి కీర్తిక బట్టలు తీసి పెట్టెలో సర్దుతుంటే, పిల్ల వచ్చి పక్కన కూర్చుని ఒక్కొక్కటీ మడత పెట్టింది. ఎందుకు చెప్పావమ్మా అని అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది వసుంధరకి.

సోమవారం పొద్దున్న లైబ్రరీ పుస్తకాలు తిరిగివ్వాలని తల్లీకూతుళ్ళు స్కూలుకెళ్ళారు. ఆఫీసు కౌంటర్ నించి గేటు దాకా మనుషులు. ఒకరి వెనక ఒకరు, గప్‌చిప్‌గా. ముందు అతియా, వెనక ఆ పాస్ రెన్యూవల్ ఆయన, అప్పుచేసి కొన్నావిడ, టై కట్టుకుని గంగాధర్. అందరూ అడిగేది ఒకటే, మా పిల్లలకీ టీసీ ఫారం ఇవ్వండి. సెక్యూరిటీ అతను వచ్చాడు, చూశాడు. వరసలో నిలబడ్డవాళ్ళని ఏమంటాడు? ఈ ఊళ్ళో దేనికైనా పర్మిట్ కావాలి గానీ క్యూకి అక్కర్లేదు.

కౌంటర్‌లో అమ్మాయి ఫారాలు ఇచ్చి ఇచ్చి, అయిపోయాయి, జిరాక్స్ తీయాలి అంటూ లోపలికి పరిగెత్తింది. గంగాధర్ వంతు అప్పుడే వచ్చింది. టై వదులు చేసుకున్నాడు. పక్కకి జరగమంటే జరగలేదు. "పర్వాలేదండీ, వెయిట్ చేస్తాను," అన్నాడు.

వసుంధర పుస్తకాలు కీర్తిక చేతికిచ్చి, వెళ్ళి క్యూ చివర నిలబడింది. సెక్యూరిటీ అతను గుర్తుపట్టాడు. మీకు టీసీ ఇచ్చేశారుగా, మళ్ళీ ఎందుకు నిలబడ్డారు అని అడిగాడు.

"నాకోసం నిలబడ్డారు వీళ్ళంతా," అందావిడ. "నేనెలా కూర్చుంటాను?"

కీర్తిక వచ్చి తల్లి వెనక నిలబడింది. ఆ పిల్ల వెనక ఇంకెవరో వచ్చారు.

వాళ్ళ విమానం గురువారం. స్కూలు ఇంకా ఏ మాటా చెప్పలేదు. అందుకే ఇవాళే చెప్తున్నాను. మీకు తెలిసిన ఇంట్లో ఎవరో ఒకరు స్కూలిచ్చిన చీటీ ముందేసుకుని, ఇది మనమొక్కళ్ళమే కట్టలేకపోతున్నాం కాబోలని సిగ్గుపడుతూ ఉంటారు. ఈ కాల్ రికార్డింగ్ వాళ్ళకి పంపండి. గురువారంలోపు పంపండి.