మిగిలిన ఒక్క దవడ

మా ఆయన దయాసాగర్ గారు కాలేజీలో జువాలజీ లెక్చరర్. డెబ్భై తొమ్మిది వేసవిలో మ్యూజియం నుంచి ఒక గాజుసీసా ఇంటికి తెచ్చారు. స్పిరిట్‌లో శనగగింజంత పెంకు ఉంది. ఓడల అడుగున అంటుకునే బార్నకిల్స్ కుటుంబానిదేనట. కాని ఇది వెలుగు చొరని సముద్రపు లోతుల్లోంచి వచ్చింది. మ్యూజియంలో ఇలాంటిది ఇదొక్కటే. పెంకు విప్పి దవడ పళ్లు లెక్కపెడితే గాని ఏ జాతో తేలదట. మూడుంటే ఇదివరకే పేరు పెట్టిన జాతే. నాలుగుంటే ఎవరూ ఎరగని కొత్త జాతి. మర్నాడు పొద్దున్న బస్సుకే తీసుకెళ్లి దాన్ని తిరిగి అప్పజెప్పాలి.

మా అత్తగారు రత్నమణి గారు పరీక్షలకైనా పురుళ్లకైనా ఉపవాస ప్రార్థన పెడతారు. దీనికీ పెట్టారు. చీకటిపడి ప్రార్థన ముగిసేదాకా ఇంట్లో ఎవరూ మంచినీళ్లు కూడా ముట్టకూడదు.

ఆయన మైక్రోస్కోపుకు కిటికీ వెలుతురే దిక్కు. మధ్యాహ్నానికి సూది పట్టిన చెయ్యి వణకసాగింది. ఉన్న రెండు దవడల్లో ఒకటి చిరిగిపోయింది.

"ఏటైంది బాబూ?" అన్నారు అత్తగారు.

"ఒకటి పాడైందమ్మా. దీన్లో నాలుగు పళ్లున్నట్టే ఉంది గాని..."

"ఉంటే రాసీ మరి!"

ఆయనకు రెండోది తీయాలంటే భయం, తీయకపోతే అనుమానం. నేను వంటింట్లోకి నడిచాను. దేవుడు కోరింది ఆకలినా, తన సృష్టిని పాడుచేయని చేతినా? ఉప్పు వేసి గ్లాసుడు గంజి తెచ్చాను.

"మజ్జిలో ఉపాసం ఇరిసేస్తే దేవుడికిచ్చిన మాట ఏటవుద్దమ్మా? పొద్దుగూకే దాకా ఆగలేడా?"

"ఆయన ఆగుతారు అత్తయ్యా, వెలుతురు ఆగదు. ఆ చెయ్యి చూడండి."

ఆవిడ చూశారు. "ఇలాగియ్యి" అని గ్లాసు లాక్కున్నారు. పారబోస్తారనే అనుకున్నాను. కొడుకు నోటికి అందించారు.

"తాగు. నీ వంతు పస్తు కూడా నేనుంటాను, రేపు పొద్దుటి దాకా. బేగి కానీ!"

కాసేపటికి చెయ్యి కుదుటపడింది. ఎండ కిటికీ అంచుకు జారుతోంది. మేమిద్దరం నీడ పడకుండా పక్కకు జరిగాం. రెండో దవడ చిరగకుండా వచ్చింది. ఆయన లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు.

"మూడే. ఇందాక నాలుగో పన్ను అనుకున్నది చిరుగమ్మా. దాన్ని నమ్మి కొత్త పేరు పెట్టేసేవాణ్ని." ఆయన నుదుటి చెమట తుడుచుకున్నారు.

"అంటే, ఎవరో ఎప్పుడో పేరెట్టేసిన దానికా నన్ను పస్తు పడుకోమన్నావు?" అన్నారు అత్తగారు.

అన్నారే గాని, ఆ రాత్రి ఆవిడ ముద్ద ముట్టలేదు.