మూసిన కిటికీల ఇంట్లో

నేను ఒక మనీప్లాంటును. కడియంలో ఒక నర్సరీ పచ్చవల కింద పుట్టాను. నూకరత్నం అనే ఆవిడ మా తల్లితీగను కణుపు కింద కోసి, నల్లటి ప్లాస్టిక్ సంచిలో మట్టి నింపి నన్ను గుచ్చింది. రోజుకు వందల మొక్కలు గుచ్చే మనిషి. అయినా ఒక్కొక్కదాని మొదట్లో బొటనవేలితో మట్టి అదిమి, "బతుకు తల్లీ" అనేది. బతికాను.

నాలుగు నెలలయ్యాక నన్ను తెల్లటి కుండీలోకి మార్చి, రాజమండ్రిలో ఒక దుకాణం ముందు పెట్టారు. కొట్టతను నా మెడలో ఒక అట్టముక్క వేలాడదీశాడు: 'ఇంట్లో గాలిని శుభ్రం చేయును. గుండెకు మేలు.' నాకు కంగారు పుట్టింది. ఆకు వేయడం, తీగ సాగడం తప్ప నాకు వేరే విద్య రాదు.

ఆ అట్టముక్క చూసే వీర్రాజు గారు ఆగారు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. గుండెకు స్టెంటు వేసి అప్పటికి రెండు నెలలు.

"చెడుగాలి బాగా లాగుద్దా?" అని అడిగారు.

"ఆయ్, లాగకపోవడమేంటండీ! ఓ నాలుగు రోజులుంచి చూడండి, మీకే తెలుస్తుంది" అన్నాడు కొట్టతను.

నాతోపాటు ఇంకో ఏడు మొక్కలు ఆటో ఎక్కాయి.

వాళ్ళది రోడ్డు పక్కనే రెండు గదుల ఇల్లు. బయటి దుమ్ము గుండెకు చేటని ఎక్కడో విని, ఆయన కిటికీలన్నీ మూయించారు. వంటింటి కిటికీ రెక్క సరిగా పడదని ఏకంగా చెక్క పెట్టి మేకులు కొట్టేశారు. మా ఎనిమిదింటినీ తన పడక్కుర్చీ చుట్టూ పేర్పించుకున్నారు. పొద్దున్నే నా ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, పది సార్లు నిండుగా ఊపిరి పీల్చేవారు. అంత నమ్మకంగా పీలుస్తుంటే నాకు సిగ్గేసేది. ఆ ఇంటి గాలి బాగుచేయాలంటే మాలాంటివి ఎనిమిదెక్కడ సరిపోతాయి? మనిషి నిలబడే చోటు లేకుండా నింపాలి. ఆ మాట చెప్పే నోరు నాకు లేదు.

ఆయన భార్య భూలక్ష్మి. పెళ్ళిళ్ళకు సారె కావిళ్ళ ఆర్డర్లు పట్టి గవ్వలు, జంతికలు, అరిసెలు చేస్తుంది. ఆయనకు నూనె లేని కూర విడిగా వండి పెట్టి, వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని మూకుడు పెట్టేది. పొగ ఆయన దాకా రాకూడదని ఆ జాగ్రత్త. అలా పొగా, ఆమే ఆ గదిలో ఉండిపోయేవారు. తలుపు సందులోంచి వచ్చిన కాస్తా నా ఆకుల మీద జిడ్డుగా పేరుకునేది. సాయంత్రమయ్యేసరికి దోమల చుట్ట పొగ కూడా దానికి తోడు.

మాకు నీళ్ళు పోసేది ఆమే. ఆ మధ్య నాలుగో కుండీ దగ్గర ఆగి, గోడ పట్టుకుని ఊపిరి తీసుకునేది. దవడ లాగుతోందని లవంగం పెట్టుకునేది. వీపులో నొప్పికి పైత్యమని అల్లం రసం తాగేది. ఒకరోజు నా మీదకు వంగి మెల్లగా అంది: "మెట్లెక్కితే ఆయాసమొస్తందే. ఆయనతో చెప్పకేం, అసలే గుండె మనిషి, బెంగెట్టుకుంటారు." చెప్పకుండా ఉండటం నాకు బాగా చేతనైన పని.

కార్తీకంలో పెద్ద ఆర్డరు వచ్చింది. ఆ ఆదివారం కూతురు దమయంతి వచ్చింది. ధవళేశ్వరంలో టీచరు. వచ్చినావిడ ఊరికే కూర్చోలేక, తడిగుడ్డతో నా ఆకులు తుడిచింది. గుడ్డ నల్లగా, బంకగా అయింది.

"నాన్నా, ఇదేంటి?"

"రోడ్డు దుమ్మమ్మా."

"కిటికీలన్నీ మూసేశారుగా, ఎలా వస్తది?"

దమయంతి గుడ్డ వాసన చూసి వంటింటి తలుపు తోసింది. "అమ్మా!" అన్న కేక విని వీర్రాజు గారు పరుగున వెళ్ళారు. భూలక్ష్మి చిల్లుల గరిటె పట్టుకునే నేల మీద కూర్చుని ఉంది. చీర తడిసిపోయేలా చెమట.

"ఏం లేదే. ఆఖరి వాయి దించేస్తే అయిపోద్ది."

ఆ చెమట ఎలాంటిదో ఆయనకు తెలుసు. అదే చెమట తనకూ పట్టింది కదా!

"భూలక్ష్మీ, లే. కాదు కాదు, లేవకు" అన్నారు. దమయంతి పొయ్యి ఆర్పి ఆటోకు పరుగెత్తింది.

ఆస్పత్రిలో జరిగింది తర్వాత దమయంతి తన భర్తకు ఫోనులో చెబుతుంటే విన్నాను. రక్తనాళం ఒకటి పూడిపోయింది. సమయానికి వెళ్ళారు కాబట్టి దక్కింది. ఇంటి సంగతి డాక్టరమ్మ అడిగితే వీర్రాజు గారు, "గాలికి లోటు లేదండి, ఎనిమిది మొక్కలున్నాయి" అన్నారట.

"మొక్కలు కంటికి చలవండి, పెంచుకోండి. పొగ పోవాలంటే మాత్రం కిటికీ కావాలి. ఇదంతా పొగ వల్లేనని నేననను. ఆవిడకు బీపీ కూడా ఉంది, ఎన్నాళ్ళనుంచో చూపించుకోలేదు. కానీ పొగ కూడా గుండెకు చేటే. వంటింటికి కిటికీ ఉందా?"

"ఉందండి" అని ఆయన తల దించుకున్నారట.

మర్నాడు మధ్యాహ్నం ఆయన ఒక్కరే ఇంటికొచ్చారు. చెప్పులైనా విప్పకుండా సుత్తి తీసుకుని వంటింట్లోకి వెళ్ళారు. మేకులు ఒక్కొక్కటే కీచుమంటూ ఊడాయి. తర్వాత సుత్తి చప్పుడు ఆగింది. తలుపు తెరిచే ఉండటంతో నాకు కనిపించింది: చెక్కను ఒళ్ళో పెట్టుకుని, చల్లారిన పొయ్యి పక్కన కూర్చుని, ఆయన పెద్దగా ఏడుస్తున్నారు.

భూలక్ష్మి వారానికి ఇంటికొచ్చింది. ఇప్పుడు కిటికీలు తెరిచే ఉంటున్నాయి, దోమలకు వలలు బిగించారు. ఆర్డర్లు తగ్గించి, పెరట్లో పందిరి కింద పొయ్యి పెట్టారు. జంతికల గొట్టం ఆయనే తిప్పుతారు, వంకరగా వేస్తున్నారని ఆమె కసురుతుంది.

మొన్న ఆమె మాకు నీళ్ళు పోస్తుంటే వెనకే వచ్చి నిలబడ్డారు.

"ఏమే, ఆయాసంగా ఉందా?"

"పొద్దుటినుంచి ఇది ఐదోసారండీ. అడిగిందే ఎన్నిసార్లు అడుగుతారు?"

"ఇన్నేళ్ళూ ఒక్కసారీ అడగలేదు కదే."

ఆమె ఆయన వైపు తిరగలేదు. నాకే నీళ్ళు పోస్తూ ఉండిపోయింది. కుండీ నిండి, పళ్ళెం నిండి, నేల మీదకు పొర్లినా చెంబు ఎత్తలేదు. ఎక్కువ నీళ్ళు నాకు పడవు. అయినా ఆ పూటకు తాగేశాను.