దేవానందం వచ్చాక వాడిన చిక్కుడు

పొద్దున్నే గ్లోరీ చాయ కాచి మొగుడి ముందు పెట్టి, బిందె చంకనెత్తుకుని గడప దాటింది. నల్లా ఇంటి ముందే ఉంటే ఈమె నీళ్లు ఎటు మోస్తున్నదా అని దేవానందం కుంటుకుంటూ వెనకాలే వెళ్లాడు. హైదరాబాదులో మేస్త్రీ పనికి పోయి, నిచ్చెన మీదినుంచి పడి, కాల్లో రాడ్డు వేయించుకుని, ఇక బతికినా చచ్చినా నారాయణఖేడ్‌లోనే అని రాత్రే ఇల్లు చేరిన మనిషి.

చర్చి వెనక, అతనెరిగిన చెత్తకుప్ప జాగాలో, ఏం తోట తల్లులారా! ఏదెను అంటే నమ్మాల్సిందే. ఇంటికో మడి. వంకాయ, టమాట, పుంటికూర. నడుమ గ్లోరీ చిక్కుడు పందిరి, గల్లీ అంతా కోసుకున్నా తరగనిది.

ఆ నేల తీరు అందరికీ తెలిసిందే. దూరాన ఉన్నవాళ్ల పేరు పిలుస్తూ నీళ్లు పోయాలి. మట్టి "ఊఁ" అంటుంది, మొక్క లేస్తుంది. అందరూ ఇంట్లోనే ఉన్నవాళ్ల మడిలో గరిక కూడా మొలవదు. ప్రభువు ఇచ్చే పద్ధతి అది, మనమెవరం అడగడానికి!

మొగుడు వచ్చిన సంగతి మట్టికింకా తెలిసి ఉండదులే అని గ్లోరీ మెల్లగా పిలిచింది.

"ఓ దేవానందం!"

పెళ్లయినప్పటినుంచి ఆమె నోట తన పేరు వినలేదతను. ప్రాణం లేచొచ్చింది.

"ఆఁ! గీడనే ఉన్న గ్లోరీ!"

మట్టి గమ్మున ఉండిపోయింది. మాపటికల్లా పందిరి పూత రాలింది.

"సప్పుడు జేయకుంటే నీ సొమ్మేం బోయెరా?" అని పక్క మడి సంగమ్మ విరుచుకుపడింది.

"నా పెండ్లాం పిలిస్తే పలకొద్దా అత్తా?"

"పిలిచింది నిన్నుగాదు, చిక్కుడును! నా మొగుడ్ని జూడు, సచ్చి మట్టిల పన్నడు, ఎన్నడన్న పలికిండా? నా వంకాయకు ఏడాదంత కాపే."

దేవానందం తనే మడి తవ్వాడు, ఎరువు వేశాడు, కుంటుతూ బిందెలు మోశాడు. తీగ ఎండుతూనే పోయింది. గల్లీలో పలకరింపులూ ఎండాయి.

"ఇగ పోవా?" అన్నది గ్లోరీ, అన్నం వడ్డిస్తూ.

"మళ్ల నిచ్చెనెక్కితే పానం బోతదన్నరే దవాఖానల."

గ్లోరీ కిటికీలోంచి చర్చి వెనక సంగమ్మ వంగమడి వైపు చాలాసేపు చూసింది.

ఆదివారం ఆరాధనలో కాలేబు పాస్టరు, ఎవరూ అడక్కుండానే, చేతులెత్తాడు.

"ప్రభువా, మా దేవానందం రేపు పట్నం పోతుండు. ఆయన పనిని ఆశీర్వదించు తండ్రీ. మళ్ల తొందరపడి తిరిగి రాకుండ కాపాడు."

చర్చి అంతా ఆమెన్ అన్నది. అందరికంటే ముందు గ్లోరీ అన్నది. కళ్లు మూసుకుని ఉన్న దేవానందం కూడా, చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు కొద్దీ, ఆమెన్ అనేశాడు.