రెండు చీటీల వాళ్లు

అమెరికా నుంచి వచ్చిన షెరిల్ ఊరి పండుగ బంతిలో ఒటీలియా పక్కన కూర్చుని పండుగ పులుసు తింటుంటే నేను ఎదురుగా కూర్చుని కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను.

ముత్తాత పుట్టిన ఊరు వెతుక్కుంటూ మా ఫ్లోరెస్ దీవికి వచ్చింది షెరిల్. ఆయన పేరు జసింతో ఫ్రెయిటస్ అట. మా ఊళ్లో రాయి విసిరితే ఏ ఫ్రెయిటస్‌కో తగులుతుంది. పుట్టింటి పేరు చెప్పుకుంటే నేనూ ఫ్రెయిటస్‌నే, ఒటీలియా కూడా. మా రెండిళ్లలోనూ ఒక్కో జసింతో తిమింగలాల వేట ఓడెక్కి అమెరికా వెళ్లిపోయాడు. కానీ షెరిల్ బస్సు దిగేసరికి ఒటీలియా ఎదురెళ్లి, మా చుట్టానివే అంటూ చెయ్యి పట్టేసుకుంది.

ఆవిడకి అన్నీ అలాగే కలిసొస్తాయి. ఏటా పవిత్రాత్మ పండుగ నాడు పేర్ల చీటీలు టోపీలో వేసి ఒకటి తీస్తారు. ఎవరి పేరొస్తే మరుసటి పండుగ దాకా వెండి కిరీటం వాళ్లింట్లో ఉంటుంది. ఒటీలియా ఇంటికి రెండుసార్లు వెళ్లింది. మా గుమ్మం ఒక్కసారీ తొక్కలేదు. మా ఆయన పోయాక ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. నా రక్తం అని చెప్పుకోవడానికి ఒక్క మనిషి దొరికితే, ఆ మనిషినీ ఒటీలియాయే ఎగరేసుకుపోవాలా?

"ఆయన ఎందుకు వెళ్లిపోయాడు?" అడిగింది షెరిల్, వచ్చీరాని మా భాషలో. "నాకు తెలియాల్సింది అదే."

"ఆకలమ్మా," అంది ఒటీలియా కళ్లొత్తుకుంటూ. "దుంపలు తిని బతికారు పాపం."

"మీ ఇంట్లో ఆకలెప్పుడొచ్చింది వదినా? దొడ్డినిండా ఆవులేగా," అన్నాను.

"నీ పులుసు చల్లారిపోతోంది ఎర్మెలిందా. ముందది చూసుకో."

బల్లంతా నవ్వింది. షెరిల్ కూడా నవ్వి, "మా నాన్న ఆయన గురించి ఎంత గర్వంగా చెప్పేవాడో," అంది. "రెండు చీటీల జసింతో అనేవారట ఇక్కడ. ఆయన భక్తికి మెచ్చి దేవుడు ఒకే పండుగకి రెండుసార్లు ఆయన పేరే తీయించాడట."

ఒటీలియా షెరిల్ చేతి మీంచి మెల్లగా తన చెయ్యి తీసేసింది.

"అయితే మా వాడు కాదమ్మా," అంది. "ఆ పేరున్న ఇల్లు వేరే ఉంది."

అందరూ నా వంక చూశారు. ఆ పేరంటే మా తాత కర్ర పుచ్చుకునేవాడు. నేను పెళ్లాడి వేరే ఇంటి మనిషినయ్యాక, కనీసం నా ముఖం మీద ఎవరూ అనడం మానేశారు. ఊరుకుంటే పరువు దక్కుతుంది, నోరు విప్పితే చుట్టం దక్కుతుంది.

"రెండు చీటీల వాళ్లం మేమే," అన్నాను. "జసింతో మా తాతకి అన్న. కిరీటం మళ్లీ ఈ ఒటీలియా వాళ్ల తాత ఇంటికే పోతుందేమోనని ఓర్వలేక తన పేరు రెండు చీటీల మీద రాసి వేశాడు. ఆ రోజుల్లో కిరీటానికి ఒకటి, పండుగ జెండా మొయ్యడానికి ఇంకొకటి తీసేవారు. రెండూ ఆయనవే వచ్చాయి. రెండు చీటీల వాడన్న పేరు పడ్డాక ఊళ్లో తలెత్తుకోలేక ఓడెక్కాడు. ఆకలీ లేదు, పాడూ లేదు. కుళ్లు."

షెరిల్ చెంచా కింద పెట్టి నా వంక చూసింది.

"మా నాన్నదీ అదే బుద్ధి," అంది. "పక్కవాడు కారు కొంటే ఆయనకి ముద్ద దిగేది కాదు."

పళ్లెం పట్టుకుని లేచొచ్చి నా పక్కన కూర్చుంది. ఒటీలియా చూస్తుండగా నా చేత్తో రొట్టె మీద పులుసు పోశాను. మాంసం ముక్కలు ఎంచి మరీ వేస్తూ, కిరీటం ఆవిడింటికి రెండుసార్లు వెళ్లిన సంగతి షెరిల్ చెవిన వేశాను.

భోజనాలయ్యాక టోపీ వచ్చింది. నేను చీటీ వేస్తుంటే టోపీ పట్టుకున్న ముసలాయన, "ఒకటేగా ఎర్మెలిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. షెరిల్ పక్కనుందన్న ధైర్యంతో నేనూ నవ్వేశాను.

చీటీ తీసి చదివారు. ఒటీలియా.

ఆవిడ వెళ్లి కిరీటం అందుకుని, తిరిగొస్తూ నా బల్ల పక్కనుంచే నడిచింది. చుట్టం దొరికిన సంతోషం ఏమైపోయిందో తెలియదు, గుండెలో మళ్లీ అదే మంట.

"ఇప్పుడు రేవులో ఓడుంటే నేనూ ఎక్కేదాన్నే," అన్నాను షెరిల్ చెవిలో.

షెరిల్ నా మాట వినలేదు. కిరీటం వంకే చూస్తోంది.

"మళ్లీ ఆవిడకేనా?" అంది పళ్లు కొరుకుతూ.